కరకట్ట మీద ఆదివారం

"అలా తల పట్టుకుని లాగితే కండంతా తలతోనే పోతుందమ్మాయ్! నడుం దగ్గర మెలితిప్పి, ఆ తర్వాత లాగాలి. మీ దేశంలో రొయ్యలు తినరా ఏం?"

"మా దేశానికి సముద్రం లేదండీ" అంది బురుల్.

"అయ్యో, అవునా?" అంది గేషె, సముద్రం లేకపోవడం బురుల్ పుట్టింటివాళ్ళ అశ్రద్ధ అయినట్టు. ఇంకో గిన్నెడు రొయ్యలు ఆమె ముందు కుమ్మరించి, చేతులు తుడుచుకుని, చుట్టాలకి తోట చూపించడానికి వెళ్ళిపోయింది.

చిటికెన వేలంత కూడా లేని రొయ్యలు. ఐదు కిలోలు. ఒక్కొక్కటీ చేత్తో వలవాల్సిందే. మధ్యాహ్నం గేషె డెబ్బయ్యో పుట్టినరోజు విందు. పద్దెనిమిది మంది చుట్టాలు. పెంకులు గుచ్చుకుని, ఉప్పునీరు తగిలి బురుల్ వేళ్ళ చివరలు మండుతున్నాయి. వంటింటి కిటికీలోంచి చూస్తే పొలాల చివర పచ్చగడ్డి మొలిచిన కరకట్ట గోడలా అడ్డంగా పడుకుని ఉంది. సముద్రం దాని అవతలే ఉందంటారు. నిన్న సాయంత్రం వచ్చినప్పటినుంచి ఆమె ఇంకా దాన్ని చూడలేదు.

నిజానికి ఆ శనివారం బురుల్ సెలవులో ఉంది.

బురుల్‌ది కిర్గిజ్ దేశం, నరీన్ అనే కొండ ఊరు. ఇరవై ఐదేళ్ళు. తొమ్మిది నెలలుగా హాంబర్గ్ నగరంలో హెన్నింగ్, వీబ్కె దంపతుల ఇంట్లో ఉంటూ వాళ్ళ ఐదేళ్ళ కూతురు ఫెన్యాని చూసుకుంటోంది. గేషె ఈ హెన్నింగ్ తల్లి. ఇలా పరదేశం నుంచి వచ్చి, ఒక కుటుంబంతో ఉండి, పిల్లల్ని చూసుకుంటూ భాష నేర్చుకునే అమ్మాయిల్ని ఆపెయిర్ అంటారు. వారానికి ముప్పై గంటల పని అని కాగితం మీద ఉంటుంది. నెలకోసారి శని, ఆదివారాలు రెండూ పూర్తిగా సెలవని కూడా ఉంటుంది. ఆ రెండు రోజుల కోసం బురుల్ మూడు వారాల ముందే ఏర్పాటు చేసుకుంది. ఉత్తర సముద్రం ఒడ్డున రోజుకి రెండుసార్లు నీళ్ళు మైళ్ళ దూరం వెనక్కి పోతాయట. అప్పుడు దారి తెలిసినవాళ్ళ వెంట ఆ బురద నేల మీద వట్టికాళ్ళతో నడిచి వెళ్ళవచ్చట. ఎక్కడో చదివి, ఆదివారం ఉదయం నడకకి పేరు రాయించుకుంది. శనివారమంతా పల్లెల్లో తిరగాలని, కనిపించిన ప్రతి మట్టిదారీ ఎక్కడికి పోతుందో చూడాలని రైలు వేళలు కూడా రాసిపెట్టుకుంది. ఈ దేశానికి వచ్చి తొమ్మిది నెలలైనా ఆమె చూసింది మూడే: బడి దారి, ఆటల పార్కు, కూరగాయల కొట్టు.

గురువారం భోజనాల దగ్గర వీబ్కెకి ఆ మాట చెప్పింది.

"అరె, మా అత్తగారి ఊరి పక్కనే! మేమూ అక్కడికే కదా వెళ్తున్నాం" అంది వీబ్కె చెంచా పక్కన పెట్టి. "రైల్లో ఒక్కదానివీ ఎందుకు? మాతో కారులో వచ్చెయ్. గది ఉంది, తిండి ఉంది. నీ సెలవు నీదే, ఎవరూ ఏమీ అనరు."

"మరి విందు..."

"విందుకి నువ్వూ రావాలి. బయటిదానివా ఏంటి? నువ్వు మా ఇంటి మనిషివి."

వీబ్కె మంచి మనిషే అని బురుల్ మొదటి నెలల్లో ఇంటికి ఫోన్ చేసి చెప్పేది. మొదటి రోజే "మీరు అనకు, నువ్వు అను. మన మధ్య అలాంటివి వద్దు" అని భుజం మీద చెయ్యి వేసింది. ఆ మురిపెం నెలరోజులు నిలిచింది. నువ్వు అని పిలవగలిగిన మనిషిని కాదనడం మీరు అని పిలిచే మనిషిని కాదనడం కన్నా ఎంత కష్టమో తర్వాత తెలిసింది. "బురుల్, ఒక్క ఐదు నిమిషాలు" అని వీబ్కె అంటే అది గంటన్నర. "నీకేమీ ఇబ్బంది లేకపోతేనే" అంటే ఇబ్బంది ఉండకూడదని అర్థం. హెన్నింగ్ అయితే ఆ మాత్రం కూడా అడగడు. ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కాలు ఆమె గది తలుపు గొళ్ళేనికి తగిలించి పోతాడు.

ఇంటి మనిషి అన్న మాట బురుల్‌కి కొత్త కాదు. ఇరవై మూడో ఏట ఆమెని ఉలాన్ అనే అతనికి ఇచ్చి చేశారు. ముల్లా వచ్చి నిఖా చదివాడు. ప్రభుత్వ కార్యాలయంలో సంతకాలు మాత్రం తర్వాత పెట్టుకుందాం అన్నారు, ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. కాబట్టి కాగితాల ప్రకారం ఆమె పెళ్ళికాని పిల్ల. పెళ్ళికాని పిల్లలకే ఆపెయిర్ కొలువు ఇస్తారు గనుక, అత్తవారింట్లో ఆమె చేసిన పదకొండు నెలల చాకిరీ అసలు జరగనే లేదు. కానీ నడుముకీ మోకాళ్ళకీ ఆ సంగతి తెలియదు కదా. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చాలి, గడ్డకట్టిన బావి గొట్టం మీద వేడినీళ్ళు పొయ్యాలి, ఆవు పాలు పితకాలి, వచ్చినవాళ్ళందరికీ తల వంచి టీ పొయ్యాలి. అత్త సైరాగుల్ పరుపు మీద ఆనుకుని కూర్చుని, "కోడలొచ్చాక కూడా నా టీ నేనే పోసుకోవాలంటే ఇంక కోడలెందుకు?" అనేది. నర్సింగ్ కాలేజీలో చివరి పరీక్ష మిగిలిపోయింది, రెండు రోజులు పట్నం వెళ్ళి రాసొస్తానంటే, "ఇంటి కోడలికి సెలవేమిటే! నేనెప్పుడైనా సెలవు తీసుకున్నానా?" అంది. బురుల్ మొగుడి వైపు చూసింది. ఉలాన్ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, తల ఎత్తకుండానే, "నిన్ను నేనేమైనా ప్రేమించి చేసుకున్నానా? అమ్మకి ఒంట్లో బాగుండట్లేదు, ఇంట్లో ఒక మనిషి కావాలని చేసుకున్నాం" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. వాన వచ్చేలా ఉంది అన్నట్టు అన్నాడు. కోపంతో అని ఉంటే ఆమె ఇంకో పదేళ్ళు ఆ ఇంట్లోనే ఉండేదేమో. వారం తిరక్కుండా బయటికి వచ్చేసింది. పరీక్ష రాసింది, జర్మన్ నేర్చుకుంది, ఇక్కడికి వచ్చింది. ఇక్కడ ఏడాది గడిపి, ఆ తర్వాత నర్సు శిక్షణలో చేరి ఉండిపోవాలని ఆమె ఆలోచన. దానికి ఈ ఇంటివాళ్ళు మంచి మాట రాసివ్వాలి. అందుకే తొమ్మిది నెలలుగా ఐదు నిమిషాలన్నీ గంటన్నరలవుతున్నా పళ్ళ బిగువున ఊరుకుంది.

విందు సమయానికి పద్దెనిమిది మందికి పద్దెనిమిది కుర్చీలు వేశారు.

"నువ్వు ఫెన్యా పక్కన స్టూలు మీద కూర్చో" అంది గేషె. "మాటిమాటికీ లేచి తిరగడానికి నీకూ వీలుగా ఉంటుంది."

హెన్నింగ్ బాబాయి ఒకాయన రొయ్యలు పరిచిన రొట్టె కొరుకుతూ బురుల్‌ని పైనుంచి కిందికి చూశాడు. "రష్యా పిల్లా?"

"కాదండీ. కిర్గిజ్."

"అదే, అదే. ఆ చుట్టుపక్కలే. మీరు గుర్రం పాలు తాగుతారట కదా! నిజమేనా?"

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. ఫెన్యా కూడా నవ్వింది, అందరూ నవ్వుతున్నారని. గేషె నవ్వు ఆపుకుని కోడలి వైపు తిరిగింది. "నేను ముగ్గురిని పెంచాను వీబ్కె. పొలం పని, గొర్రెలు, మంచంలో మామగారు. అయినా పరదేశం నుంచి మనిషిని తెప్పించుకోలేదు. ఇప్పటివాళ్ళకి ఒక్కదాన్ని పెంచడానికే ఊపిరాడదు."

"కాలం మారింది కదా గేషె" అంది వీబ్కె. నవ్వుతూనే అంది గానీ మెడ దాకా ఎర్రబడింది. రెండు నిమిషాలాగి బురుల్ వైపు తిరిగింది. "బురుల్, ఫెన్యా గౌను మీద ఆ మరక చూడలేదా? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?"

బురుల్ తడిగుడ్డ కోసం లేచింది. అత్త కోడలిని కొడితే కోడలు ఎవరిని కొడుతుందో ఆమెకి బాగా తెలుసు. ఉలాన్ ఇంట్లో ఆమె కింద ఎవరూ లేరు కాబట్టి ఆవుని కొట్టేది, ఆ తర్వాత ఆవు మెడ పట్టుకుని ఏడ్చేది. అటు చివర హెన్నింగ్ పై కప్పుకి కొత్త రెల్లు ఎప్పుడు వేయించాలో బాబాయితో మాట్లాడుతున్నాడు. పిల్ల పెంపకం గురించి ఇంత మాట నడిచినా, ఆ పిల్లకి తండ్రి ఒకడున్నాడని ఎవరికీ గుర్తు రాలేదు, అతనికి కూడా.

సాయంత్రం బురుల్ ఇరవై నిమిషాలు కరకట్ట ఎక్కి దిగింది. ఫెన్యా వెంట వచ్చింది, నీళ్ళు నిండుగా ఉన్నాయి, పిల్లకి చలేసింది, వెనక్కి వచ్చేశారు. గిన్నెలు ఎదురు చూస్తున్నాయి.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి బురుల్ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. రాత్రి అక్కడే పడుకున్న చుట్టాలు ఆరుగురు ఇంకా ఉన్నారు. వీబ్కె గుడ్లు ఉడకబెడుతోంది.

"ఇవాళ కూడానా?" అంది వీబ్కె.

"ఇవాళ కూడా అంటే?"

"నిన్న తిరిగావు కదా, కరకట్ట మీద."

బురుల్ సంచీ సర్దుకుని, "పదిన్నరకి నడక మొదలవుతుంది. పేరు రాయించుకున్నాను. నీకు చెప్పాను" అంది.

"వెళ్ళు వెళ్ళు. నేను వద్దన్నానా?" అని వీబ్కె గుడ్ల వైపు తిరిగింది. ఆ వీపు మాత్రం వద్దనే అంది.

నడక మొదలయ్యే చోటు కరకట్ట వెంట గంటకు పైగా దూరం. గాలి ఎదురుగా కొడుతోంది. బురుల్ కట్ట మీదికి ఎక్కి నిలబడేసరికి, నిన్న నిండుగా ఉన్న సముద్రం లేదు. కనుచూపు మేర నల్లగా మెరిసే నేల, మధ్యమధ్య వెండి తీగల్లా నీటి పాయలు, వాటి మీద వేల పక్షులు. ఆమె ఊపిరి గట్టిగా పీల్చుకుంది. ఎవరికీ ఏమీ తుడవకుండా, ఎవరికీ ఏమీ అందించకుండా తన రెండు చేతులూ ఊరికే ఊగుతూ ఉండటం వింతగా అనిపించింది. పాట పాడుకుంది. తిట్టుకుంది కూడా. సొంత భాషలో, పైకి, గొంతెత్తి, సైరాగుల్‌తో మొదలుపెట్టి గేషె దాకా వరసగా అందరినీ తిట్టింది. గొర్రెలు తల ఎత్తి చూశాయి.

తూము దాటి కొంత దూరం పోయాక కట్ట వాలులో ఒక గొర్రె వెల్లకిలా పడి కనిపించింది. నాలుగు కాళ్ళూ గాలిలో కొట్టుకుంటున్నాయి. ఉన్ని తడిసి బరువెక్కితే గొర్రె అలా పడుతుంది, పడితే తనంతట తాను లేవలేదు, కడుపు ఉబ్బి ఊపిరాడక చస్తుంది. అది బురుల్‌కి నడక వచ్చిన వయసులోనే తెలుసు. సంచీ దించి, మోకాళ్ళ మీద కూర్చుని, ఉన్నిలోకి రెండు చేతులూ పోనిచ్చి ఒక్క ఊపున దొర్లించింది. వదిలేస్తే మళ్ళీ పడుతుంది. అందుకని దాని పక్కటెముకలు తన కాళ్ళకి ఆనించుకుని అది నిలదొక్కుకునేదాకా పట్టుకుంది. గొర్రె వణికింది, దగ్గింది, కృతజ్ఞత ఏమీ లేకుండా నడిచి పోయింది. బురుల్ పకపకా నవ్వింది.

వెనక ఇంకెవరో నవ్వారు.

ఫెన్యా. రాత్రి వేసుకున్న దుస్తుల్లోనే ఉంది. ఒక కాలికి రబ్బరు బూటు, రెండో కాలికి తడిసిన మేజోడు. ముక్కు కారుతోంది.

బురుల్ గుండెలో మొదట పుట్టింది భయం కాదు, ద్వేషం. వెనక్కి తిరిగి చూడకపోయి ఉంటే బాగుండేది అనుకుంది. ఇంకో క్షణం ఆగి ఆ ఆలోచనని మళ్ళీ అనుకుంది, సిగ్గుపడకుండా. పదిన్నరకి ఇంకా అరగంట ఉంది. అటు నలభై నిమిషాల దారి, పరిగెత్తితే అందుతుంది. ఇటు ఈ పిల్ల. తర్వాత ఆమె కళ్ళు పిల్ల వెనక ఉన్న తూము మీద పడ్డాయి. కంచె లేని, నాచు పట్టిన సన్నటి చెక్క వంతెన. కింద నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. పిల్ల దాన్ని ఒక్కతే దాటి వచ్చింది. అప్పుడు భయం వచ్చింది, ఆలస్యంగా.

"అమ్మకి చెప్పి వచ్చావా?"

"అమ్మ గుడ్లు చేస్తోంది. నేను నీ పాట విన్నాను. బూటు బురద తినేసింది."

బురుల్ వీబ్కెకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. హెన్నింగ్‌కి చేసింది. రెండుసార్లు మోగి కట్ అయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశాడు. వెంటనే ఒక సందేశం వచ్చింది: "తర్వాత. తింటున్నాం."

ఆమె ఆ రెండు మాటలూ రెండుసార్లు చదివింది. పిల్లని వీపున ఎక్కించుకుని, సంచీ ముందుకు తగిలించుకుని వెనక్కి నడిచింది.

"నీకు కోపం వచ్చిందా?" అంది ఫెన్యా ఆమె మెడ దగ్గర.

"వచ్చింది."

"నామీదా?"

"కొంచెం."

ఫెన్యా ఆలోచించింది. "మీ దేశంలో కూడా నువ్వు వేరేవాళ్ళింట్లో ఉండేదానివా?"

"ఉండేదాన్ని."

"వాళ్ళకీ పాప ఉందా?"

"లేదు. ఒక పెద్ద అబ్బాయి ఉండేవాడు. బూట్ల తాళ్ళు మాత్రం తనే కట్టుకునేవాడు."

పిల్లకి అది గొప్ప హాస్యంగా తోచింది. దారంతా నవ్వుతూనే ఉంది. బురుల్ నడుము మాత్రం నవ్వలేదు.

ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. పిల్ల ఇంట్లోంచి వెళ్ళి రెండు గంటలు కావస్తోంది. వీధిలో ఎవరూ వెతుకుతూ కనిపించలేదు. తోటలో ఎవరూ పేరు పెట్టి పిలవడం లేదు. తలుపు తోసేసరికి కాఫీ వాసన, నవ్వులు, నిన్నటి కేకు. హెన్నింగ్ రొట్టెకి వెన్న రాస్తున్నాడు.

"వచ్చారా!" అంది గేషె. "పిల్లని తిప్పడానికి తీసుకెళ్ళావన్నమాట. మంచిదే. కానీ రాత్రి బట్టల్లోనా? ఈ గాలిలోనా? ఆ కాలికి బూటేదమ్మాయ్?"

బురుల్ పిల్లని దించింది. "నేను తీసుకెళ్ళలేదండీ. నా వెనక వచ్చింది. తూము వంతెన ఒక్కతే దాటింది."

వీబ్కె చేతిలోని కాఫీ కూజా పక్కకి ఒరిగి, బల్లగుడ్డ మీద కొంచెం ఒలికింది. మరుక్షణం లేచి పిల్లని ఎత్తుకుని, ఒళ్ళంతా తడిమి చూసి, "గేటు వేశావా నువ్వు? వెళ్ళేటప్పుడు గేటు వేశావా?" అని అరిచింది.

"వేశాను."

"వేస్తే ఎలా వచ్చింది?"

"ఇలాంటి గడియలు ఫెన్యాకి తీయడం వచ్చు. మూడు నెలలుగా వచ్చు. నీకు చెప్పాను."

"పద, పైకి పద" అంది వీబ్కె. మెట్ల పైన చిన్న గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసింది. పిల్లని మంచం మీద కూర్చోబెట్టి మేజోడు లాగింది. గొంతు తగ్గించి, "బురుల్, చూడు. ఒక్క మాట సాయం చెయ్" అంది. "నువ్వే తీసుకెళ్ళానని చెప్పు. నాకు చెప్పి తీసుకెళ్ళావు, నేను హడావుడిలో మర్చిపోయాను. అంతే. ఆవిడ ముందు... నీకు తెలియదు, ఆవిడ దీన్ని ఇరవై ఏళ్ళు మోస్తుంది. ప్రతి పండక్కీ చెప్తుంది. కన్నబిడ్డ రెండు గంటలు కనబడకపోయినా చూసుకోని తల్లి అని."

"నాకు తెలుసు" అంది బురుల్.

"నర్సు శిక్షణకి ఉత్తరం రాయాలన్నావు కదా. రేపే రాసిస్తాను. చాలా బాగా రాస్తాను. ప్లీజ్. నువ్వు మా ఇంటి మనిషివి. మనమంతా ఒకటి."

బురుల్ ఆమె వైపు చూసింది. నిన్న మెడ దాకా పాకిన ఎరుపు ఇవాళ చెవులు దాటింది. ఇంత చదువుకుని, ఇంత సంపాదిస్తూ, నలభై దగ్గరపడి, ఈమె ఇంకా అత్త ముందు టీ గిన్నె పట్టుకుని వణుకుతున్న కోడలే. జాలి వేసింది. ఆ జాలి వెనకే ఒళ్ళు మండింది కూడా. కోడలి బరువు ఎంతుంటుందో బురుల్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. తనది దింపుకోవడానికి ఇన్ని దేశాలు దాటి వచ్చింది. ఇప్పుడు ఇంకొకరిది తెచ్చి తన తల మీద పెట్టి, దానికి ఇంటి మనిషి అని పేరు పెడతారా? ఒక్క అబద్ధం, ఒక్క ఉత్తరం. సులువుగానే ఉంది. ఉలాన్ ఇంట్లో కూడా మొదట అన్నీ సులువైనవే అడిగారు.

ఆమె తలుపు తీసి మెట్లు దిగింది. ఒప్పుకుందనుకుని వీబ్కె పిల్లని ఎత్తుకుని వెనకే వచ్చింది. వస్తూనే, "ఏదో పొరపాటుగా అర్థం చేసుకున్నాం. బురుల్ చెప్తుంది" అంది నవ్వు తెచ్చుకుని.

అందరూ చూశారు. బురుల్ ఆ ఇంట్లో అంత పొడుగు వాక్యాలు ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్కో మాటా వెతుక్కుని, వ్యాకరణం తప్పకుండా, మెల్లగా చెప్పింది.

"పొరపాటు లేదండీ. ఫెన్యా తొమ్మిదింబావుకి ఇంట్లోంచి వెళ్ళింది. నేను పదకొండు దాటాక తీసుకొచ్చాను. ఈ రెండు గంటల్లో ఎవరూ తనని వెతకలేదు."

వీబ్కె ముఖం పాలిపోయింది. గేషె కుర్చీలో నిటారుగా అయింది. ఆ కళ్ళల్లోకి వచ్చిన వెలుగుని బురుల్ ఎరుగును. డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆవిడకి ఇంతకన్నా మంచి కానుక ఎవరూ ఇచ్చి ఉండరు.

"నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నాను" అంది గేషె. "ఆఫీసు ఆఫీసు అని పరిగెత్తే ఆడదానికి పిల్ల ఎక్కడుందో ఏం తెలుస్తుంది? తల్లి అన్నాక ఒక కన్ను ఎప్పుడూ..."

"తండ్రికి రెండుసార్లు ఫోన్ చేశాను" అంది బురుల్.

గేషె కొడుకు వైపు తిరిగింది.

"పది గంటల ఐదు నిమిషాలకి. మళ్ళీ పది గంటల ఏడు నిమిషాలకి. రెండుసార్లూ కట్ చేశారు." ఫోన్ తీసి, కేకు పళ్ళెం పక్కన, అందరికీ కనబడేలా పెట్టింది. హెన్నింగ్ పంపిన రెండు మాటలూ వెలుగుతున్నాయి.

హెన్నింగ్ వెన్న కత్తి కింద పెట్టాడు. "నేనేమనుకున్నానంటే... ఏదో మామూలు విషయమని... ఆదివారం పూట..."

"పాపం వాడు వారమంతా కష్టపడతాడు" అంది గేషె. కానీ గొంతులో ఇందాకటి బలం లేదు. బాబాయి కేకు ముక్కని చెంచాతో అటూ ఇటూ తిప్పాడు. వీబ్కె అత్త వైపు చూడలేదు, బురుల్ వైపు చూడలేదు. మొగుడిని చూస్తోంది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో అతన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"ఫోన్ చూస్తే నాకేమైనా కల వస్తుందా పిల్ల తప్పిపోయిందని!" అన్నాడు హెన్నింగ్ గొంతు పెంచి. అతని కోపం తిరగాల్సిన చోటికే తిరిగింది. "అయినా నీకు ఈ పొగరేంటి? ఇంట్లో పెట్టుకుని సొంత మనిషిలా చూసుకుంటే, పదిమందిలో కూర్చోబెట్టి..."

"కూర్చోబెట్టలేదండీ" అంది బురుల్. "స్టూలు వేశారు."

ఫోన్ తీసుకుని, పిల్ల తలమీద ఒకసారి చెయ్యి వేసి, సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చింది. వెనక మాటలు లేచాయి. మొదట హెన్నింగ్‌వి, తర్వాత, అంతకన్నా గట్టిగా, వీబ్కెవి. ఆమె ఆగి వినలేదు. అది వాళ్ళ ఇంటి గొడవ.

కరకట్ట మీద ఒంటరిగా నడుస్తుంటే చలేసింది. ధైర్యం ఖర్చయిపోయాక మిగిలే చలి. ఉత్తరం ఇక రాదు. కాగితం ప్రకారం రెండు వారాల గడువిచ్చి ఇల్లు మారవచ్చు. మారాక దొరికే ఇల్లు ఎలాంటిదో తెలియదు. దొరక్కపోతే మళ్ళీ నరీన్. అమ్మ తలుపు తీసి, "ఆ ఇల్లూ వదిలేశావా? ఊళ్ళో ఏమని చెప్పనే?" అంటుంది. అనుకుంటూ నడిచింది. ఏడుపు వస్తుందేమో అని ఎదురు చూసింది, రాలేదు. ఆకలి వేసింది. సంచీలో రొట్టె ఉంటే కట్ట మీద కూర్చుని మొత్తం తినేసింది. తన ముక్కలో సగం ఎవరికీ విరిచి ఇవ్వకుండా తిని ఎన్నాళ్ళయిందో!

నడక మొదలయ్యే చోటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. బురదలోంచి ఇరవై మంది వెనక్కి వస్తున్నారు, మోకాళ్ళ దాకా నల్లగా, పిల్లల్లా అరుచుకుంటూ. ముందు నడుస్తున్నది అరవై దాటిన ఒక ఆడమనిషి. చేతిలో పొడుగు కర్ర, మొహం ఎండకీ ఉప్పుకీ తోలులా ఉంది. అందరినీ పంపేశాక బురుల్ దగ్గరికి వచ్చింది.

"బురుల్ నువ్వేనా? పేరు పిలిచాం. పది నిమిషాలు ఆగాం."

"దారిలో పనిపడింది."

"పనికేం, ఎప్పుడూ పడుతూనే ఉంటుంది." ఆమె కర్ర చివర బురదని గడ్డికి తుడిచింది. "ఇవాళ్టికి అయిపోయింది. నీళ్ళు తిరిగాయి. ఇంకో రెండు గంటల్లో నువ్వు చూస్తున్నదంతా సముద్రమే."

దూరాన వెండి గీత ఒకటి నిజంగానే దగ్గరికి జరుగుతోంది. బురుల్ దాన్ని చూస్తూ అడిగింది.

"మళ్ళీ ఎప్పుడు?"

"రేపు. పదకొండున్నరకి. నీళ్ళు రోజుకి ఇంచుమించు గంట ఆలస్యంగా తీస్తాయి కదా."

"ఇక్కడ ఒక రాత్రికి పడక దొరుకుతుందా?"

"ఆ ఎర్ర తలుపు ఇల్లు. గొర్రెలాయన పెళ్ళాం నడకవాళ్ళకి గది ఇస్తుంది." ఆమె బురుల్ భుజానున్న సంచీ వైపు, పగిలిన వేళ్ళ వైపు చూసింది. "కానీ రేపు సోమవారం కదా. నీకు పని లేదా?"

"ఉండేది" అంది బురుల్.